చమురు ధరల కుదుపులు - రూపాయి స్థిరత్వం

అంతర్జాతీయ విపణిలో ముడి చమురు ధర కొద్ది వారాలు లేదా నెలల వ్యవధిలో విపరీతంగా పెరగడాన్ని గాని, పడిపోవడాన్ని గాని చమురు ధరల కుదుపు అంటారు. చమురును ఎక్కువగా దిగుమతి చేసుకుంటూ, విదేశీ మారక ద్రవ్య నిల్వలు తక్కువగా ఉన్న దేశాలలో ఇటువంటి కుదుపు ఆ దేశపు కరెన్సీ విలువను దెబ్బ తీస్తుంది. భారతదేశంలో దీనికి ముఖ్యమైన ఉదాహరణ 1990-91 నాటి విదేశీ చెల్లింపుల సంక్షోభం. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ముస్తాబాద్ ప్రాంతాల నుండి వేలాది మంది గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళారు. కనుక ఈ ప్రాంతానికి చమురు ధరతో రెండు విధాలైన సంబంధం ఉంది. ఒకటి కొనుగోలుదారుగా చెల్లించే ధర, రెండవది చమురు దేశాల నుండి ఇంటికి వచ్చే కూలి డబ్బు.

కుదుపు కరెన్సీని చేరే విధానం

ముడి చమురు వ్యాపారం ప్రధానంగా అమెరికన్ డాలర్లలో జరుగుతుంది. చమురు ధర పెరిగినప్పుడు దిగుమతి చేసుకునే దేశానికి అదే పరిమాణానికి ఎక్కువ డాలర్లు అవసరమవుతాయి. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు వాడకాన్ని ప్రజలు వెంటనే తగ్గించుకోలేరు కనుక దిగుమతుల బిల్లు పెరుగుతుంది. ఎగుమతులు అంతగా పెరగకపోతే కరెంటు ఖాతా లోటు పెరిగి, డాలర్లకు గిరాకీ హెచ్చి, స్వదేశీ కరెన్సీ విలువ తగ్గుతుంది.

కరెన్సీ విలువ తగ్గడం వలన చమురు మరింత ప్రియమవుతుంది. ఉదాహరణకు బ్యారెల్ (సుమారు 159 లీటర్లు) ధర 50 డాలర్లు, డాలరు విలువ 60 రూపాయలు అనుకుంటే బ్యారెల్ ఖరీదు 3,000 రూపాయలు. చమురు 100 డాలర్లకు, డాలరు 75 రూపాయలకు పెరిగితే అదే బ్యారెల్ 7,500 రూపాయలు అవుతుంది. డాలర్లలో ధర రెండింతలు కాగా, రూపాయలలో రెండున్నర ఇంతలైంది. రవాణా ఖర్చుల ద్వారా ఈ భారం ఇతర సరుకుల ధరలకు కూడా పాకుతుంది.

మూడవ దశలో నమ్మకం సడలుతుంది. రూపాయి ఇంకా పడుతుందని భావించిన దిగుమతిదారులు ముందుగానే డాలర్లు కొంటారు. ఎగుమతిదారులు తమకు రావలసిన డాలర్లను ఆలస్యంగా తెచ్చుకుంటారు. విదేశీ బ్యాంకులు పాత అప్పులను కొనసాగించడానికి వెనుకాడతాయి. అసలు కొరత కంటే ఈ భయం వలన కలిగే నష్టం ఎక్కువగా ఉండవచ్చు.

బలహీన ఆర్థిక వ్యవస్థ లక్షణాలు

ఒకే ధర పెరుగుదలను అన్ని దేశాలు ఒకే విధంగా ఎదుర్కోవు. ఈ క్రింది లక్షణాలు ఉన్న దేశాలలో కరెన్సీ త్వరగా దెబ్బ తింటుంది.

* కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే విదేశీ మారక ద్రవ్య నిల్వలు
* త్వరలో తీర్చవలసిన స్వల్పకాలిక విదేశీ అప్పులు ఎక్కువగా ఉండడం
* అప్పటికే ఉన్న బడ్జెట్ లోటు, ఇంధన సబ్సిడీల భారం
* వాస్తవ పరిస్థితితో సంబంధం లేకుండా ఒకే చోట నిలిపి ఉంచిన మారకపు రేటు
* ఎగుమతులు, ప్రవాసుల డబ్బు ఒకే ప్రాంతంపై ఆధారపడి ఉండడం

చివరి లక్షణం భారతదేశానికి ప్రత్యేకంగా వర్తించింది. చమురు కొనేది, కార్మికులను పంపేది ఒకే ప్రాంతం కావడం వలన గల్ఫ్‌లో అలజడి కలిగితే రెండు వైపులా నష్టం జరిగే అవకాశం ఉంది.

చారిత్రక నేపథ్యం

గల్ఫ్ ప్రాంతంలో ఒకప్పుడు భారతీయ రూపాయే చెలామణిలో ఉండేది. బంగారం దొంగరవాణా ద్వారా విదేశీ మారక ద్రవ్యం తరలిపోకుండా నివారించడానికి 1959లో రిజర్వ్ బ్యాంకు ఆ ప్రాంతం కోసం ప్రత్యేక నోట్లను ప్రవేశపెట్టింది. వీటిని గల్ఫ్ రూపాయలు అంటారు. కువైట్ 1961లోను, బహ్రెయిన్ 1965లోను సొంత దినార్లను ప్రవేశపెట్టాయి. 1966 జూన్ 6న భారతదేశం రూపాయి విలువను తగ్గించి, డాలరుకు 4.76 రూపాయల నుండి 7.50 రూపాయలకు మార్చింది. దానితో ఖతార్, నేటి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ లోని రాజ్యాలు కూడా రూపాయిని విడిచిపెట్టాయి.

1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం సందర్భంగా అరబ్ దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు విధించాయి. బ్యారెల్ ధర సుమారు 3 డాలర్ల నుండి 1974 జనవరి నాటికి 12 డాలర్ల దరికి చేరింది. భారతదేశం అంతర్జాతీయ ద్రవ్య నిధి నుండి సహాయం తీసుకోవలసి వచ్చింది. అయితే ఈ కుదుపే కొత్త ఆదాయానికి కూడా దారి తీసింది. చమురు ఆదాయంతో గల్ఫ్ దేశాలు రోడ్లు, రేవులు, పట్టణాలు నిర్మించసాగాయి. వాటికి కార్మికులు కావలసి రావడంతో భారతదేశం నుండి వలసలు పెరిగాయి. వారు పంపిన డబ్బు వలన 1970వ దశకం రెండవ భాగంలో దేశపు నిల్వలు మెరుగుపడ్డాయి. 1974లో కనుగొన్న బొంబే హై క్షేత్రం నుండి 1976లో చమురు ఉత్పత్తి మొదలైంది.

1979లో ఇరాన్ విప్లవం, 1980లో ఇరాన్-ఇరాక్ యుద్ధం కారణంగా ధర 30 డాలర్లను దాటింది. 1981 నవంబరులో భారతదేశానికి ద్రవ్య నిధి 500 కోట్ల ఎస్.డి.ఆర్.ల రుణం మంజూరు చేసింది. దేశీయ చమురు ఉత్పత్తి పెరగడంతో ఆ మొత్తాన్ని పూర్తిగా వాడుకోకుండానే 1984లో ఒప్పందాన్ని ముగించారు.

1990-91 సంక్షోభం

1980వ దశకంలో భారత ప్రభుత్వపు బడ్జెట్ లోటు, విదేశీ అప్పులు పెరుగుతూ వచ్చాయి. స్వల్పకాలిక వాణిజ్య రుణాలపై, ప్రవాస భారతీయుల డిపాజిట్లపై ఆధారపడడం ఎక్కువైంది. ఈ స్థితిలో 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్టోబరు నాటికి చమురు ధర 40 డాలర్ల దాకా పెరిగింది. భారతదేశపు చమురు దిగుమతుల బిల్లు 1989-90లో సుమారు 380 కోట్ల డాలర్లు కాగా, 1990-91లో సుమారు 600 కోట్ల డాలర్లకు చేరింది.

1973 నాటి కుదుపుకు, దీనికి ముఖ్యమైన తేడా ఉంది. అప్పుడు చమురు ధర పెరగడంతో పాటు గల్ఫ్‌లో ఉపాధి పెరిగింది. 1990లో చమురు ధర పెరిగింది కాని ఉపాధి పోయింది. కువైట్, ఇరాక్ ప్రాంతాల నుండి భారతీయులు ప్రాణాలతో బయటపడడమే కష్టమైంది. జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా సుమారు రెండు నెలల పాటు సాగిన విమాన తరలింపులో దాదాపు 1.7 లక్షల మందిని స్వదేశానికి చేర్చారు. తెలుగువారిలో కువైట్‌కు ఎక్కువగా వెళ్ళినవారు కడప, గోదావరి జిల్లాలవారు. చాలామంది జీతం బకాయిలను, బ్యాంకులో దాచుకున్న డబ్బును వదిలి వచ్చారు. నష్టపోయినవారికి పరిహారం చెల్లించడానికి 1991లో ఐక్యరాజ్య సమితి ఒక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. భారతీయ కార్మికులకు కూడా దీని ద్వారా పరిహారం అందింది.

ఇరాక్, కువైట్‌లకు జరిగే ఎగుమతులు ఆగిపోయాయి. సోవియట్ యూనియన్, తూర్పు ఐరోపా దేశాలతో వాణిజ్యం కూడా క్షీణించింది. దేశంలో రాజకీయ అస్థిరత నెలకొంది. 1990 నవంబరులో వి.పి.సింగ్ ప్రభుత్వం పడిపోయింది. తరువాత వచ్చిన చంద్రశేఖర్ ప్రభుత్వం 1991 ఫిబ్రవరిలో పూర్తి బడ్జెట్‌ను ప్రవేశపెట్టలేకపోయింది. విదేశీ రేటింగ్ సంస్థలు భారతదేశపు పరపతి స్థాయిని తగ్గించాయి. ప్రవాస భారతీయులు తమ డిపాజిట్లను వెనక్కి తీసుకోసాగారు. 1991 జనవరిలో ద్రవ్య నిధి నుండి సుమారు 180 కోట్ల డాలర్లు తీసుకున్నా పరిస్థితి కుదుటపడలేదు. జూన్ నాటికి నిల్వలు 110 కోట్ల డాలర్లకు, అంటే రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత స్థాయికి తగ్గాయి.

1991 మే నెలలో ప్రభుత్వం వద్ద ఉన్న 20 టన్నుల బంగారాన్ని, తిరిగి కొనుక్కునే షరతుతో, భారతీయ స్టేట్ బ్యాంకు ద్వారా విదేశంలో అమ్మారు. జూన్ 21న పి.వి.నరసింహారావు ప్రధానమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. ఆయన స్వగ్రామం వంగర అప్పటి కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఆర్థికమంత్రిగా మన్మోహన్ సింగ్ నియమితులయ్యారు. జూలై 1, 3 తేదీలలో రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించడంతో డాలరు విలువ సుమారు 21 రూపాయల నుండి 26 రూపాయల దరికి చేరింది. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు తరలించి, దానిపై దాదాపు 40 కోట్ల డాలర్ల రుణం పొందింది. జూలై 24 నాటి బడ్జెట్‌తో ఆర్థిక సంస్కరణలు ఊపందుకున్నాయి. ఆ కాలంలో కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారాలు చూసిన అధికారులలో కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి ఒకరు. ఆయన తరువాత 2003 నుండి 2008 వరకు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా పనిచేశారు.

ముస్తాబాద్, జగిత్యాల ప్రాంతంపై ప్రభావం

ముస్తాబాద్ రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడక ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పట్టణం. వర్షాధార వ్యవసాయం, బోరుబావుల ఖర్చు, స్థానికంగా పని దొరకకపోవడం వంటి కారణాల వలన ఈ ప్రాంతం నుండి మూడు దిక్కులకు వలసలు సాగాయి. వీటినే బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని వాడుకలో చెప్పుకుంటారు. ఈ ప్రాంతపు కార్మికులు ఎక్కువగా ఎమిరేట్స్, సౌదీ అరేబియా, బహ్రెయిన్, ఒమన్, ఖతార్ వంటి దేశాలలో భవన నిర్మాణం, పారిశుధ్యం, డ్రైవింగు వంటి పనులు చేస్తారు.

సౌదీ రియాల్ 1986 నుండి డాలరుకు 3.75 చొప్పున, ఎమిరేట్స్ దిర్హామ్ 1997 నుండి డాలరుకు 3.6725 చొప్పున స్థిరంగా ఉన్నాయి. కనుక రియాల్‌లో జీతం తీసుకునే కార్మికుడు ఒక విధంగా డాలర్లలో జీతం తీసుకుంటున్నట్లే. డాలరు విలువ 60 రూపాయలుగా ఉన్నప్పుడు 1,000 దిర్హామ్‌లకు సుమారు 16,300 రూపాయలు వస్తాయి. డాలరు 75 రూపాయలైతే అదే 1,000 దిర్హామ్‌లకు సుమారు 20,400 రూపాయలు వస్తాయి. వీసా కోసం నూటికి రెండు, మూడు రూపాయల నెలసరి వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబానికి ఇది ఊరట కలిగిస్తుంది. అప్పు రూపాయలలో ఉంటుంది, ఆదాయం రియాల్‌లో ఉంటుంది.

అయితే ఈ లాభం అందరికీ దక్కదు. గల్ఫ్‌లో మనిషి లేని ఇంటికి రూపాయి పతనం వలన ఖర్చు మాత్రమే పెరుగుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే మహిళల కూలి రూపాయలలోనే ఉంటుంది. వంటగ్యాసు, బస్సు చార్జీలు, ట్రాక్టరు కిరాయి పెరిగినప్పుడు వారి కూలి వెంటనే పెరగదు. ఒకే వాడలో రెండు ఇళ్ళకు ఒకే మారకపు రేటు రెండు వేర్వేరు ఫలితాలను ఇస్తుంది.

గల్ఫ్‌పై ఆధారపడిన కుటుంబాలకు కూడా ఈ లాభం శాశ్వతం కాదు. చమురు ధర బాగా పడిపోయినప్పుడు గల్ఫ్ ప్రభుత్వాలు నిర్మాణ పనులను తగ్గిస్తాయి. 2014 జూన్‌లో సుమారు 115 డాలర్లు ఉన్న బ్రెంట్ చమురు 2016 జనవరిలో 30 డాలర్ల లోపుకు దిగింది. భారతదేశపు దిగుమతుల బిల్లు తగ్గి రూపాయికి మేలు జరిగింది. కాని 2016లో సౌదీ అరేబియాలోని నిర్మాణ రంగంలో వేలాది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాలు అందక శిబిరాలలో చిక్కుకున్నారు. ప్రపంచ బ్యాంకు అంచనాల ప్రకారం ఆ ఏడాది భారతదేశానికి ప్రవాసులు పంపిన డబ్బు సుమారు 9 శాతం తగ్గింది. అంటే దేశపు కరెన్సీకి మేలు చేసిన ధరే వలస గ్రామాలకు కష్టం తెచ్చిపెట్టింది.

సిరిసిల్ల మరమగ్గాలు

సిరిసిల్ల తెలంగాణలో మరమగ్గాలకు పేరు పొందిన పట్టణం. స్థానికంగా వీటిని సాంచాలు అంటారు. ఇక్కడ నూలు వస్త్రంతో పాటు పాలిస్టర్ వస్త్రం పెద్దయెత్తున తయారవుతుంది. పాలిస్టర్ దారానికి మూలమైన రసాయనాలు పెట్రోలియం నుండి తయారవుతాయి. అందువలన చమురు ధర, డాలరు విలువ పెరిగినప్పుడు దారం ఖరీదు పెరుగుతుంది. గుడ్డ ధర అంతే వేగంగా పెరగకపోతే ముందుగా నష్టపోయేది తక్కువ సంఖ్యలో సాంచాలు నడిపే ఆసాములు, మీటరు లెక్కన కూలి పొందే కార్మికులు. 1990వ దశకం చివరి నుండి సిరిసిల్లలో నేత కార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. వాటికి అప్పులు, గిరాకీ లేకపోవడం, తక్కువ కూలి వంటి అనేక కారణాలు ఉన్నాయి. ముడిసరుకు ధరలలో అనిశ్చితి ఈ పరిశ్రమ ఎదుర్కొనే సమస్యలలో ఒకటి.

1991 తరువాత

1993 మార్చిలో రూపాయి మారకపు రేటును విపణికి అనుగుణంగా మారనిచ్చే విధానం అమలులోకి వచ్చింది. నిల్వలను క్రమంగా పెంచారు. 2008 మే నాటికి అవి 31,000 కోట్ల డాలర్లను దాటాయి. ఆ సంవత్సరం జూలైలో చమురు 147 డాలర్లకు చేరినా 1991 నాటి స్థితి తలెత్తలేదు. ఆ ఏడాది చివరలో రూపాయి డాలరుకు 50 దాటి పడిపోయినప్పుడు చమురు ధర కూడా పడిపోతూనే ఉంది. ప్రపంచ ఆర్థిక సంక్షోభం కారణంగా విదేశీ పెట్టుబడులు వెనక్కి వెళ్ళడం దానికి కారణం. చమురు ధర ఒక్కటే కరెన్సీ విలువను నిర్ణయించదని దీనిని బట్టి తెలుస్తుంది.

2011 నుండి చమురు ధర 100 డాలర్లకు పైనే కొనసాగింది. 2012-13లో చమురు దిగుమతుల బిల్లు సుమారు 16,400 కోట్ల డాలర్లు కాగా, కరెంటు ఖాతా లోటు జాతీయోత్పత్తిలో 4.8 శాతానికి చేరింది. 2013 మే నెలలో అమెరికా కేంద్ర బ్యాంకు తన బాండ్ల కొనుగోళ్ళను తగ్గించే సూచన చేయగానే పెట్టుబడులు తరలిపోసాగాయి. ఆగస్టు 28న డాలరు విలువ 68.8 రూపాయలకు చేరింది. అదే రోజు రిజర్వ్ బ్యాంకు మూడు ప్రభుత్వ రంగ చమురు సంస్థలకు డాలర్లను నేరుగా అందించే ఏర్పాటు ప్రకటించింది. విపణిలో వాటి రోజువారీ కొనుగోళ్ళు తగ్గడంతో రూపాయిపై ఒత్తిడి తగ్గింది. తరువాత ప్రవాస భారతీయుల డిపాజిట్లను ఆకర్షించే పథకం కూడా అమలు చేశారు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసిన తరువాత మార్చిలో బ్రెంట్ ధర ఒక దశలో 139 డాలర్లను తాకింది. జూలైలో డాలరు విలువ 80 రూపాయలు దాటింది. రిజర్వ్ బ్యాంకు నిల్వలు 2021 సెప్టెంబరులో సుమారు 64,200 కోట్ల డాలర్లు ఉండగా, 2022 అక్టోబరు నాటికి సుమారు 52,500 కోట్ల డాలర్లకు తగ్గాయి. రూపాయి విలువ తగ్గినప్పటికీ చెల్లింపులు ఆగిపోయే ప్రమాదం రాలేదు.

ఇతర దేశాలు

అదే సంవత్సరం శ్రీలంక పరిస్థితి 1991 నాటి భారతదేశాన్ని పోలి ఉంది. కోవిడ్ వలన పర్యాటక ఆదాయం పోయింది. డాలరుకు సుమారు 200 శ్రీలంక రూపాయల అధికారిక రేటును 2022 మార్చి వరకు నిలిపి ఉంచారు. బయట ఎక్కువ ధర దొరకడంతో ప్రవాసులు బ్యాంకులను వదిలి అనధికార మార్గాలలో డబ్బు పంపారు. 2022 ఏప్రిల్ 12న ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేసింది. డాలరు కొద్ది వారాలలోనే 360 రూపాయల దరికి చేరింది. పెట్రోలు బంకుల వద్ద రోజుల తరబడి బారులు తీరిన ప్రజలు ఉద్యమించగా జూలైలో అధ్యక్షుడు గోటబయ రాజపక్స రాజీనామా చేశారు.

చమురును ఎగుమతి చేసే బలహీన దేశాలకు ధర పడిపోవడం ప్రమాదకరం. నైజీరియా తన కరెన్సీ నైరాను డాలరుకు 197 వద్ద నిలిపి ఉంచే ప్రయత్నం చేసి, 2016 జూన్‌లో దానిని విడిచిపెట్టవలసి వచ్చింది. నైరా కొద్ది రోజులలోనే 280 స్థాయికి దిగజారింది. వెనెజులాలో చమురు ఆదాయం క్షీణించడం, విచక్షణారహితంగా నోట్లు ముద్రించడం కలసి అతి ద్రవ్యోల్బణానికి దారి తీశాయి.

నివారణ చర్యలు

* తగినన్ని విదేశీ మారక ద్రవ్య నిల్వలను ముందుగానే సమకూర్చుకోవడం
* స్వల్పకాలిక విదేశీ అప్పులను పరిమితం చేయడం
* మారకపు రేటును క్రమంగా మారనివ్వడం, అవసరమైనప్పుడు మాత్రమే జోక్యం చేసుకోవడం
* ఇంధన ధరలపై నియంత్రణ తగ్గించడం. భారతదేశంలో పెట్రోలుపై 2010 జూన్‌లోను, డీజిలుపై 2014 అక్టోబరులోను ధరల నియంత్రణ తొలగించారు. దీని వలన బడ్జెట్‌పై భారం తగ్గినా, కుదుపు నేరుగా వినియోగదారుని చేరుతుంది.
* విశాఖపట్నం, మంగళూరు, పాదూరులలో నిర్మించిన భూగర్భ నిల్వల వంటి వ్యూహాత్మక చమురు నిల్వలు
* ప్రవాసుల డబ్బు వేర్వేరు దేశాల నుండి వచ్చేటట్లు ఉండడం. రిజర్వ్ బ్యాంకు సర్వేల ప్రకారం 2020-21 నాటికి భారతదేశానికి అత్యధికంగా డబ్బు వచ్చే దేశంగా ఎమిరేట్స్‌ను అమెరికా దాటింది.

ఈ చర్యలు దేశపు కరెన్సీని కాపాడతాయి. వలస కార్మికుని కుటుంబానికి ఇవి మాత్రమే సరిపోవు. నిల్వలు ఎంత ఉన్నా గల్ఫ్‌లో ఉద్యోగం పోయినవాని వీసా అప్పు తీరదు. 1991తో పోలిస్తే రూపాయికి రక్షణ పెరిగింది. జగిత్యాల, సిరిసిల్ల గ్రామాలలోని కుటుంబాలకు చమురు దేశాలలోని పని, ఇంటి వద్ద ఉన్న అప్పు మధ్య అటువంటి రక్షణ ఇంకా స్వల్పమే.

ఇవి కూడా చూడండి

* ముస్తాబాద్
* సిరిసిల్ల
* గల్ఫ్ యుద్ధం
* పి.వి.నరసింహారావు
* భారతీయ రిజర్వ్ బ్యాంకు